కఫం చిక్కబడిందని దగ్గు సిరప్ పోయకండి

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు. న్యుమోనియాతో చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. తర్వాత స్వరపేటిక కింద ఇరుకైందని ఐదు నెలల క్రితం ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం) చేసి 4.0 సైజు ట్యూబ్ పెట్టారు. ట్యూబ్ ఎప్పుడు తీస్తారు? మాటలొస్తాయా? నాలుగు రోజులుగా కఫం చిక్కగా, పసుపుగా వస్తోంది. మెడికల్ షాపులో దగ్గు సిరప్, యాంటీబయాటిక్ ఇచ్చారు. మిషన్‌తో కఫం లాగేటప్పుడు (సక్షన్‌లో) నెత్తుటి చారలు కనిపిస్తున్నాయి. మా వారికి హైదరాబాద్‌లో పని. అత్తమ్మకు ట్యూబ్ ముట్టుకోవాలంటే భయం. రాత్రీ పగలూ నేనే చూసుకుంటున్నాను.
– ఒక తల్లి, సూర్యాపేట

జవాబు: ట్యూబ్ ఎప్పుడు తీయాలన్నది ఆపరేషన్ చేసిన డాక్టర్లు మత్తిచ్చి, స్కోప్‌తో లోపల చూశాకే చెప్పగలరు. మాటల సంగతీ అప్పుడే. ఈలోగా వీడియోలు చూసి ట్యూబ్‌కు వేలు అడ్డం పెట్టడంలాంటివి చేయకండి. పైన దారి ఇరుకుగా ఉన్న బిడ్డకు వదిలిన గాలి బయటికి పోయే మార్గం ఉండదు.

నన్ను కంగారు పెడుతున్నది ఆ సిరప్. జలుబు, దగ్గు సిరప్‌లలో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమైన్ లాంటి మందులుంటాయి. అవి కఫాన్ని ఎండగడతాయి. మామూలు పిల్లాడైతే దగ్గి బయటపడతాడు. 4 మిల్లీమీటర్ల గొట్టంలో ఎండిన కఫం మాత్రం బిరడాలా బిగుసుకుంటుంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందులు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద వేయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది కూడా. షాపతనికి మీ బాబు మెడలో ట్యూబ్ ఉందని తెలుసా? సిరప్ ఈరోజే ఆపేయండి. యాంటీబయాటిక్ విషయం మీ డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి. ట్యూబ్ ఉన్న పిల్లల్లో పసుపు రంగు ఒక్కటే ఇన్‌ఫెక్షన్‌కు గుర్తు కాదు. జ్వరం, దుర్వాసన, కఫం బాగా పెరగడం, డొక్కలు ఎగరేయడం ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కఫం పలచబడాలంటే తేమ కావాలి. ముక్కు చేసే పని ట్యూబ్ చేయదు కదా. ట్యూబ్ మూతికి పెట్టే, ఊపిరిలోని తేమను పట్టి ఉంచే హెచ్‌ఎమ్‌ఈ ఫిల్టర్ రోజుకొకటి మార్చండి, కఫంతో తడిస్తే వెంటనే మార్చండి. నార్మల్ సెలైన్ నెబ్యులైజేషన్ రోజుకు ఎన్నిసార్లో మీ డాక్టర్‌ను అడిగి పెట్టండి, అప్పుడు ఫిల్టర్ తీసేయాలి. సక్షన్ చేసిన ప్రతిసారీ ట్యూబ్‌లో సెలైన్ పోయడం మంచిది కాదు. నీళ్లు, పాలు సరిగా తాగుతున్నాడో లేదో చూడండి. ఆ గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, పౌడర్ వద్దు.

నెత్తుటి చారలు ఎక్కువగా మన చేతివాటం వల్లే వస్తాయి: కఫం లాగే సన్న గొట్టం (క్యాథెటర్) లోతుకు పోవడం, మిషన్ ప్రెషర్ ఎక్కువ కావడం. 4.0 ట్యూబ్‌కు 8 నంబరు క్యాథెటర్ సరిపోతుంది. స్పేర్ ట్యూబ్‌లో దాన్ని దూర్చి, కొన అవతల అర సెంటీమీటరుకు మించకుండా బయటికి వచ్చేచోట గుర్తు పెట్టండి. ఆ కొలత కాగితం మీద రాసి మంచం దగ్గర అతికించండి. ప్రెషర్ 80 నుంచి 100 mmHg మధ్య ఉండాలి. దింపేటప్పుడు సక్షన్ వద్దు, పైకి తీసేటప్పుడే. మొత్తం 5 సెకన్లు, మహా అయితే 10. చారలు కాక ఎర్రటి రక్తం వస్తే అది ఎమర్జెన్సీ.

ఇక మీ ఒక్కరి మీదే అంతా నడవడం. మీ ఓపికను తప్పుపట్టడం లేదు గానీ, ఇది బాబుకే ప్రమాదం. ట్యూబ్ ఉన్న బిడ్డ ఏడ్చినా శబ్దం రాదు, నిద్ర కరువైన మనిషికి వినపడేదేమీ ఉండదు. అత్తగారి భయం సహజమే. బొమ్మ మెడకు రంధ్రం చేసి, పాత ట్యూబ్‌తో పదిసార్లు చేయించండి, చేయి తిరుగుతుంది. తర్వాత ఆసుపత్రిలో నర్సు ముందు బాబుకు చేయించండి. ఆమె రాత్రి రెండింటి దాకా చూస్తే, తర్వాత మీరు చూడొచ్చు. వేలికి పెట్టే చిన్న ఆక్సీమీటర్‌ను నమ్ముకుని ఇద్దరూ పడుకోవద్దు. వాటిలో చాలావాటికి చిన్నపిల్లల వేలు సరిపోదు, రాత్రంతా చూసుకునే అలారమూ ఉండదు.

ఇద్దరికీ ఇది కంఠతా రావాలి. బాబు ఊపిరికి పెనుగులాడుతున్నాడు, క్యాథెటర్ దిగడం లేదు అంటే ట్యూబ్ మూసుకుపోయినట్టే. ఒకరు 108కి ఫోన్ చేయాలి. రెండోవారు బండి కోసం ఎదురుచూడకుండా, భుజాల కింద చుట్టిన టవల్ పెట్టి, టేపు కత్తిరించి ట్యూబ్ లాగేసి కొత్తది పెట్టాలి. దిగకపోతే 3.5 సైజు. అదీ దిగక, ఊపిరి ఆడకపోతే మెడ రంధ్రం మీద నోరు పెట్టి ఊదాలి. 3.5 ట్యూబ్ ఇంట్లో ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఇవాళే తెప్పించండి. కరెంటు పోతే బ్యాటరీ సక్షన్ గానీ, కాలితో తొక్కేది గానీ ఉండాలి.

బాబును చూడకుండా ఇంతకన్నా చెప్పలేను. రేపే మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఆ సిరప్ సీసా, మందుల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. దారిలో సక్షన్ మిషన్, రెండు స్పేర్ ట్యూబులు డిక్కీలో కాదు, మీ ఒళ్లో ఉండాలి.