బరువైన వాద్యంతో ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సొంతంగా ప్రదర్శనలు ఒప్పుకోవడం ఈమధ్యే మొదలుపెట్టాను. నాది 88 కీస్ వెయిటెడ్ (పియానోలా కీస్ బరువుగా ఉండే) కీబోర్డు, బరువు 21 కిలోలు. విమానంలో తీసుకెళ్లొచ్చని గట్టి ఫ్లైట్ కేస్ కొన్నాను. అదొక్కటే 17 కిలోలుంది. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ఆ కేస్‌ని రోడ్డు ప్రయాణాలకు ఉంచుకోండి. రెండూ కలిపితే 38 కిలోలు. పెట్టె 32 కిలోలు దాటితే, అదనంగా డబ్బు కడతామన్నా చాలా విమాన సంస్థలు చెక్-ఇన్‌లో తీసుకోవు. సామాను ఎత్తే సిబ్బంది నడుములు దెబ్బతినకుండా పెట్టిన హద్దు అది. దాటితే కార్గోలో విడిగా బుక్ చేయాల్సిందే. ఇంకో చిక్కు కొలతలది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు మించకూడదన్నది చాలా సంస్థల నియమం. మీ కీబోర్డు పొడవే దాదాపు 130 ఉంటుంది, కేస్‌లో పెట్టాక 158 దాటక తప్పదు. అందుకని టికెట్ కొనకముందే ఫోన్ చేసి, కేస్‌తో కలిపిన బరువు, మూడు కొలతలు చెప్పండి. తీసుకుంటామన్న మాట ఈమెయిల్‌లో రాయించుకుని ప్రింటు దగ్గర పెట్టుకోండి. కౌంటర్‌లో వాదన వస్తే ఆ కాగితమే పనికొస్తుంది.

విమానానికైతే లోపల మందపాటి ఫోమ్, కింద చక్రాలు ఉన్న తేలికపాటి కేస్ చూడండి. 8 కిలోల లోపు దొరికితే మొత్తం 29 దగ్గర ఆగుతుంది. సర్దడం కూడా ముఖ్యమే. పొడవాటి పెట్టెను నిలబెట్టి వదిలేస్తారు, అలా పడినప్పుడు దెబ్బంతా రెండు కొసలకే తగులుతుంది. కొసల్లో కనీసం 5 సెంటీమీటర్ల ఫోమ్ ఉండాలి, కీబోర్డు లోపల అటూ ఇటూ జరగకూడదు. కీస్ మీద పల్చటి ప్లైవుడ్ పలక పరిచి, దాని అంచులు కీబోర్డు బాడీ మీద ఆనేలా చూడండి. పైనుంచి బరువు పడితే అప్పుడు కీస్ మీదకు రాదు. అడాప్టర్, పెడల్ కేస్‌లో పడేయకండి. కుదుపులకు అవే కీస్‌ను విరగ్గొడతాయి.

అయినా మా మాట వినండి. ఆదాయం కుదురుకోని ఈ దశలో ఈ కీబోర్డును విమానమెక్కించడం దండగ. రోడ్డు మార్గంలో చేరగలిగిన ఊళ్లకే తీసుకెళ్లండి. దూరపు ప్రదర్శనలకు కీబోర్డు ఏర్పాటు చేయమని నిర్వాహకులనే అడగండి.

ప్రశ్న: అలా అడిగితే నిర్వాహకులు ‘కీబోర్డు ఉంది, రండి’ అంటారు. తీరా వెళ్లాక 61 కీస్‌ది, పెడల్ లేనిది చేతికిస్తారు. దీనికి దారేమిటి?

జవాబు: ‘కీబోర్డు కావాలి’ అని వదిలేస్తే దొరికింది తెస్తారు. ఒప్పందంతో పాటు ఇచ్చే టెక్నికల్ రైడర్‌లో (వేదిక మీద ఏమేం కావాలో చెప్పే జాబితాలో) ఇలా రాయండి: 88 కీస్, హ్యామర్ యాక్షన్ (పియానో సుత్తుల బరువు చేతికి తెలిసే కీస్), మీకు సమ్మతమైన రెండు మూడు మోడళ్ల పేర్లు, ఊగని స్టాండు, ఎత్తు మార్చుకోగల బెంచీ, స్టీరియోకి రెండు డీఐ బాక్సులు (కీబోర్డు సిగ్నల్‌ను సౌండ్ సిస్టమ్‌కి కలిపే చిన్న పెట్టెలు). వారం ముందు వాద్యం ఫొటో పంపమనండి, వెనక వైపు జాక్‌లు కనిపించేలా.

సౌండ్లు లాప్‌టాప్‌లో ఉంచుకుంటే వేదిక మీది కీబోర్డు మిడి (ఏ కీ ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారో చెప్పే సంకేతాలు) పంపితే చాలు. మీ సౌండ్లు మీతోనే వస్తాయి. కీబోర్డును లాప్‌టాప్‌కి కలిపే 3 మీటర్ల యూఎస్‌బీ-బి కేబుల్ మీ సంచిలోనే ఉండాలి, అది అక్కడ దొరుకుతుందని నమ్ముకోకండి.

సస్టెయిన్ పెడల్ (నొక్కితే స్వరం సాగేలా చేసేది) కూడా మీదే తీసుకెళ్లండి. నొక్కితే స్వరం ఆగిపోయి, వదిలితే సాగుతుంటే పోలారిటీ తిరగబడిందన్నమాట. కీబోర్డు ఆఫ్ చేసి, పెడల్ గుచ్చి, దాని మీద కాలు పెట్టకుండా ఆన్ చేయండి. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఎలా ఉందో అదే ‘నొక్కని స్థితి’ అనుకుంటాయి. ఆ క్షణంలో పెడల్ మీద కాలుంటే అంతా తలకిందులవుతుంది.

ప్రశ్న: విమానంలో చెల్లోకి (పెద్ద వయొలిన్ లాంటి వాద్యానికి) సీటు కొనాలా, కింద సామాను గదిలో (హోల్డ్‌లో) వేయాలా?

జవాబు: కొనండి. ఖర్చు ఎక్కువే, కానీ మెడ విరిగిన చెల్లోని బాగుచేయించినా మునుపటి విలువ రాదు. ఆన్‌లైన్‌లో వాద్యానికి సీటు కొనడం సాధారణంగా కుదరదు. ఫోన్‌లో మీ బుకింగ్‌తోనే జత చేయించండి. మామూలుగా కిటికీ పక్క సీటే ఇస్తారు, ఎమర్జెన్సీ ద్వారం వరుసలో ఇవ్వరు. బెల్టు చాలకపోతే ఎక్స్‌టెన్షన్ అడగండి.

కింద వేయక తప్పకపోతే తీగల్ని అర స్వరం, మహా అయితే ఒక స్వరం మేరకే సడలించండి. పూర్తిగా వదులు చేస్తే బ్రిడ్జి (తీగల్ని ఎత్తి పట్టే చెక్క) పడిపోతుంది, లోపలి సౌండ్ పోస్ట్ (పై పలకకీ కింది పలకకీ మధ్య నిలబెట్టిన చిన్న కర్ర) కూడా జారిపోవచ్చు. దాన్ని మళ్లీ నిలబెట్టడం వాద్యాలు బాగుచేసేవాళ్ల పని, వేదిక దగ్గర అయ్యేది కాదు. చల్లటి హోల్డ్‌లోంచి వచ్చిన కేస్‌ని వెంటనే తెరవకండి, గది వేడికి అలవాటు పడేదాకా గంటైనా మూసి ఉంచండి. పాత కమాను కొసన ఏనుగు దంతం ముక్క ఉంటే, దేశం దాటేముందు సైటీస్ (అంతరించిపోతున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) పత్రాల సంగతి చూసుకోవాలి.

ప్రశ్న: విమానంలో వాద్యం దెబ్బతింటే పరిహారం వస్తుందా?

జవాబు: కొంత వస్తుంది. మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో సామానుకి సంస్థ బాధ్యత మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క ప్రమాణం) వరకే (2024 డిసెంబరు 28 నుంచి). మంచి చెల్లోకి అది ఏ మూలకీ రాదు. చెక్-ఇన్‌లోనే విలువ ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కడితే హద్దు పెరుగుతుంది. సామాను చేతికొచ్చిన చోటే కేస్ బయటివైపంతా పరీక్షించి, పగులు కనిపిస్తే అక్కడే రాతపూర్వకంగా నమోదు చేయించండి. తర్వాత బయటపడిన దెబ్బకి, సామాను అందిన 7 రోజుల్లోపు సంస్థకి రాసి ఇవ్వాలి. వాద్యానికి విడిగా బీమా తీసుకునేటప్పుడు రెండు షరతులు వెతకండి: వృత్తిగా వాయిస్తే వర్తిస్తుందా, మనిషి లేని వాహనంలోంచి పోతే ఇస్తారా. ఇంటి బీమాలో ఈ రెండూ చాలాసార్లు ఉండవు.