నలుపు-తెలుపు ఏరియల్ ఫొటోలు ఇంకా నేర్చుకోవాలా?

ప్రశ్న: బీఎస్సీ జియాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాక్టికల్స్‌లో పాత నలుపు-తెలుపు ఏరియల్ ఫొటోలను (విమానం నుంచి తీసినవి) స్టీరియోస్కోప్ (రెండు ఫొటోలను కలిపి ఎత్తుపల్లాలు చూపే పరికరం) కింద పెట్టి చూపిస్తున్నారు. రిమోట్ సెన్సింగ్‌లో (నేలను దూరం నుంచే చిత్రాలతో పరిశీలించే రంగం) స్థిరపడాలని ఉంది. ఇవి వదిలేసి నేరుగా శాటిలైట్, డ్రోన్, లైడార్ (లేజర్ పల్సులతో కొలిచే పద్ధతి) నేర్చుకోవచ్చా? – ఓ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: వదలొద్దు. సాఫ్ట్‌వేర్ నడపగలిగినవాళ్లు చాలామందే దొరుకుతారు. చిత్రంలో ఉన్నదేమిటో కారణాలతో చెప్పగలిగేవాళ్లే తక్కువ. ఆ చూపు నలుపు-తెలుపు ఫొటో దగ్గరే బాగా అలవడుతుంది. రంగు ఆసరా ఉండదు కాబట్టి టోన్ (నలుపు-తెలుపుల మోతాదు), నీడ, ఆకారం, టెక్స్చర్ (నునుపు, గరుకుతనం), చుట్టుపక్కల ఏముందన్న దాన్నిబట్టే నిర్ణయానికి రావాలి.

ముందు లెక్కలు రావాలి. ఏరియల్ ఫొటో సాధారణంగా 23×23 సెం.మీ., లెన్స్ ఫోకల్ లెంగ్త్ 152 మి.మీ. ఉంటాయి. నేలకు 1,520 మీటర్ల ఎత్తులో తీస్తే స్కేలు 1:10,000. అంటే ఒక ఫొటోలో 2.3 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు నేల పడుతుంది. వరస ఫొటోల మధ్య 60 శాతం ఓవర్‌ల్యాప్ ఉంచుతారు, అంటే అంత నేల రెండింటిలోనూ పడుతుంది. స్టీరియోస్కోప్‌లో గుట్టలు లేచి కనిపించేది అందుకే. ఎడమ ఫొటోను కుడివైపు పెట్టారో, గుట్ట గుంటలా కనిపిస్తుంది. ఒక్క ఫొటోనే చూస్తున్నప్పుడు నీడలు మీ వైపు పడేలా తిప్పుకోండి, లేకపోతే ఇదే పొరపాటు జరుగుతుంది.

దీనికి పరిమితులూ ఉన్నాయి. పాంక్రోమాటిక్ (మామూలు నలుపు-తెలుపు) ఫొటోలో చెట్టూ పైరూ దాదాపు ఒకే బూడిద రంగులో ఉంటాయి. చెరువు ఇంకా ఇబ్బంది పెడుతుంది. లోతైన తేటనీరు నల్లగా ఉంటుంది, కొత్తగా వచ్చిన మట్టినీరు ఎండిన నేలలా తెల్లగా తేలుతుంది. ఎండ నేరుగా కెమెరాలోకి తుళ్లితే అదే చెరువు మెరిసిపోతుంది. కాబట్టి టోన్ ఒక్కటే చూసి చెరువు ఎండిందని రాయకండి. కట్ట, అలుగు, దిగువ ఆయకట్టు చూడండి. కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో అయితే నీరు నల్లగా, పచ్చదనం తెల్లగా విడిపోతాయి. మన ఉపగ్రహాల్లోని లిస్-4 వంటి మల్టీస్పెక్ట్రల్ (కాంతిని పట్టీలుగా విడదీసి తీసే) సెన్సర్ల బలం అక్కడే.

వానాకాలంలో గోదావరి వరదను మబ్బుల చాటు నుంచి చూపేది రాడారే. ప్రశాంతంగా ఉన్న నీరు అందులో నల్లగా వస్తుంది. గాలికి అలలు లేస్తే తెల్లబడుతుంది. తారురోడ్డూ నల్లగానే ఉంటుంది కాబట్టి వరదకు ముందు చిత్రంతో పోల్చాల్సిందే. దట్టమైన అడవి కింది నేల కావాలంటే లైడార్, దాని పల్సుల్లో కొన్ని ఆకుల సందుల్లోంచి నేలను తాకి వస్తాయి. ఒక గ్రామం, ఒక గని వంటి చిన్న ప్రాంతాలకు డ్రోన్ చాలు. ఓవర్‌ల్యాప్ మాత్రం 75 శాతం కంటే తగ్గనివ్వకండి.

అయితే 1960ల నాటి నేలను ఇవేవీ చూపలేవు. అమెరికా కరోనా నిఘా ఉపగ్రహాలు 1960–72 మధ్య తీసిన నలుపు-తెలుపు చిత్రాలను 1995లో బయటపెట్టారు. ఇప్పటికే స్కాన్ చేసినవి అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వెబ్‌సైట్ ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్‌లో ఉచితం. మీ ప్రాంతం దొరికితే ఒక చెరువుతో ప్రాజెక్టు చేయండి. ఆ కరోనా చిత్రాలు పనోరమిక్ కెమెరా (పక్కలకు తిరుగుతూ తీసేది) చిత్రాలు, అంచుల్లో సాగి ఉంటాయి. అందుకే మొత్తం స్ట్రిప్ కాకుండా మీకు కావలసిన ముక్కనే కత్తిరించి క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో జియోరిఫరెన్స్ చేయండి, అంటే మ్యాప్‌పై దాని అసలు స్థానంలో కూర్చోబెట్టండి. పాత గుడి, రోడ్ల కూడలి, చెరువు కట్ట మలుపు వంటి కదలని గుర్తులు 20 దాకా తీసుకోండి. ఏటి ఒడ్డు, చెట్లు వద్దు. అందులో థిన్ ప్లేట్ స్ప్లైన్ (చిత్రాన్ని రబ్బరు షీటులా సాగదీసే పద్ధతి) వాడితే తప్పు సున్నాకు దగ్గరగా చూపిస్తుంది, నమ్మకండి. ఇచ్చిన ప్రతి బిందువు గుండా అది బలవంతంగా వెళ్తుంది. నాలుగైదు గుర్తులను ముందే పక్కనపెట్టి, తర్వాత వాటితో సరిచూడండి. ఇంటర్వ్యూలో ఈ సరిచూసిన పట్టికే చూపించండి.

పీజీకి ఆంధ్ర విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ హైదరాబాద్, డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్) కోర్సులు చూడండి. బీఎస్సీ అర్హత ఏ కోర్సుకు సరిపోతుందో, దేనికి ఎంఎస్సీ కావాలో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే నిర్ధారించుకోండి. ఈలోగా ఐఐఆర్‌ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సు ఒకటి పూర్తిచేయండి. డ్రోన్ పైలట్ సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండితే చాలు కాబట్టి డబ్బు పెట్టి తొందరపడనక్కర్లేదు. పీజీలో చేరాక చూసుకోవచ్చు.