పిల్లల పుస్తకాలు రాస్తానంటోంది మా అమ్మాయి... డబ్బు కట్టి అచ్చు వేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచీ కథలు రాస్తుంది. ఇప్పుడు పిల్లల కోసం పుస్తకాలు రాయడమే తన పని అంటోంది. బొమ్మలు వేయడం రాదు. పుస్తకం వేసిస్తామని ఒక సంస్థవాళ్లు ఫోన్ చేశారు. ఐఎస్‌బీఎన్, కాపీరైట్, వంద కాపీలు అన్నీ కలిపి 60 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? అసలు దీంతో బతుకుదెరువు ఉంటుందా?
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: ఆ డబ్బు కట్టకండి. మీ అమ్మాయి కోరికను మాత్రం కాదనకండి. ఆ రెండూ వేరు వేరు సంగతులు.

వాళ్లు చెప్పినవి ఒక్కొక్కటీ చూడండి. ఐఎస్‌బీఎన్ అంటే ఒక్కో పుస్తకానికీ ఇచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. రచయిత సొంతంగా వేసుకునే పుస్తకానికీ ఇస్తారు. కాపీరైట్ అయితే కథ రాసిపెట్టిన నాడే రాసినవాళ్లది అవుతుంది. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకోవాలనుకున్నా ప్రభుత్వానికి కట్టాల్సింది 500 రూపాయలే. ఇక మిగిలింది వంద కాపీలు. అవి మీ ఇంటికి వస్తాయి, అమ్ముకునే భారమూ మీ మీదే పడుతుంది. ఇలా డబ్బు తీసుకుని వేసేవాళ్లు చాలావరకు కథలో ఒక్క వాక్యం కూడా దిద్దరు. కొత్త రచయితకు అన్నిటికన్నా అవసరమైంది ఆ దిద్దుబాటే.

బతుకుదెరువు సంగతి. తెలుగులో పిల్లల పుస్తకం మామూలుగా వెయ్యి కాపీలు వేస్తారు. 60 రూపాయల పుస్తకానికి రచయిత వాటా (రాయల్టీ) పది శాతం అంటే కాపీకి ఆరు రూపాయలు. వెయ్యీ అమ్ముడైతే ఆరు వేలు. బొమ్మల పుస్తకమైతే అందులో సగం చిత్రకారుడికి పోవచ్చు. వెయ్యి కాపీలు అమ్ముడవడానికి ఏడాది, రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. రాయల్టీతో ఇల్లు గడవదు. పిల్లల పుస్తకాల చుట్టూ ఉన్న పనులతో గడుస్తుంది. ప్రచురణ సంస్థల్లో ఎడిటింగ్, ప్రూఫ్ రీడింగ్, అనువాదం, చదువు మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు పాఠ్య సామగ్రి రాయడం, ఆడియో కథలకు స్క్రిప్టులు, ఇలాంటివి. తెలుగులో పిల్లల కోసం రాస్తున్నవాళ్లలో చాలామంది బడి పంతుళ్లే. జీతం ఉంటుంది, కథ వినిపించడానికి పిల్లలు రోజూ ఎదుట ఉంటారు. డిగ్రీ తర్వాత బీఈడీ, లేదా ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలోనో ఎంఏ తెలుగు ఆలోచించండి. తమిళం మన వైపు ఎలాగూ చెవిన పడుతూనే ఉంటుంది. చదవడం కూడా నేర్చుకుంటే తమిళం నుంచి నేరుగా అనువదించగలిగే కొద్దిమందిలో మీ అమ్మాయి ఒకరవుతారు. ఈ ప్రాంతం వాళ్లకు ఇది మంచి అవకాశం, చాలామంది పట్టించుకోరు.

ఇక మీ అమ్మాయి చదవాల్సిన భాగం.

అమ్మా, 'పిల్లల కోసం' అనుకుంటే సరిపోదు. ఏ వయసు పిల్లలకో ముందు తేల్చుకోండి. ప్రథమ్ బుక్స్ వాళ్లు పిల్లల కథలు ఉచితంగా అందించే వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో కథలకు నాలుగు స్థాయిలున్నాయి. మొదటిది దాదాపు 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది ఆ పైన. కొత్తవాళ్లు పంపేవి ఎక్కువగా ఎటూ కాకుండా పోతాయి. నాలుగేళ్ల బిడ్డకు సరిపడే విషయం, 1200 మాటల నిడివి, పదేళ్ల పిల్లలు చదవగల భాష. అలాంటి కథను ఎడిటర్ మొదటి పేజీలోనే పక్కన పెడతారు.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. అప్పుడే చదవడం నేర్చుకునే పిల్లలు ముందు ఒత్తుల్లేని మాటలు పట్టుకుంటారు, తర్వాత గుణింతాలు, ఆ తర్వాత ద్విత్వాలు, చివరికి సంయుక్తాక్షరాలు. 'నిష్క్రమించింది' అని రాస్తే బిడ్డ అక్కడే ఆగిపోతుంది. 'పోయింది' చాలు. 'ఎగిరిపోయిందనుకున్నాడు' లాంటి అతుకుల మాట కూడా అంతే. చిన్నపిల్లల పుస్తకంలో అక్షరం 18 నుంచి 24 పాయింట్లు ఉంటుంది కాబట్టి వరుసకు ఐదారు మాటలే పడతాయి. పొడుగు మాట వరుస చివర విరిగితే చదివే పిల్లలకు అర్థమే పోతుంది. బిగ్గరగా చదివి వినిపించే కథకు మాత్రం ఈ పట్టింపు అక్కర్లేదు. అక్కడ చెవికి ఇంపుగా ఉంటే చాలు, పెద్ద మాటలూ పిల్లలకు ఇష్టమే.

బొమ్మలు రాకపోవడం లోటు కాదు. కానీ పేజీ తెలియకపోతే లోటే. ఈ పని ఈరోజే చేయండి. ఆరు ఏ4 కాగితాలు సగానికి మడిచి మధ్యలో పిన్ను కొట్టండి. 24 పేజీల నమూనా పుస్తకం తయారవుతుంది. ఒకటో పేజీ పేరుకు, రెండోది ప్రచురణ వివరాలకు. మూడో పేజీలో కథ మొదలై 24లో ముగుస్తుంది. మధ్యలో ఎదురెదురు పేజీల జతలు సరిగ్గా పది వస్తాయి. ఒక్కో జతకు 20 నుంచి 40 మాటలు పెన్సిల్‌తో రాయండి, బొమ్మ ఉండాల్సిన చోట 'ఇక్కడ బావి' అని రాసుకుంటే చాలు. ఇప్పుడు పేజీలు తిప్పుతూ చదవండి. వరుసగా మూడు జతల్లో అదే గది, అదే ఇద్దరు మాట్లాడుకుంటున్నారంటే చిత్రకారుడికి వేయడానికి ఏమీ లేదన్నమాట, అక్కడ కథ మార్చాలి. 'తలుపు తీసింది...' అన్న వాక్యం కుడి పేజీ చివర పడాలి. తలుపు వెనక ఏముందో పేజీ తిప్పాకే కనబడాలి. ఎదురెదురు పేజీల్లోనే రెండూ పడితే, చదవకముందే బొమ్మ గుట్టు విప్పేస్తుంది.

బొమ్మ చెప్పేది మాట మళ్లీ చెప్పకూడదు. మన గంగమ్మ జాతరే తీసుకుందాం. భక్తులు రోజుకో వేషం కట్టే ఆ జాతరలో, తోటి వేషం రోజు ఒంటికి బొగ్గు పూసుకున్న తండ్రిని కూతురు గుర్తుపట్టలేదు. మొదటి రాతలో ఇలా వస్తుంది: 'ముఖమంతా నల్లని బొగ్గు పూసుకుని, వేపాకు కట్టుకున్న మనిషిని చూసి చిన్ని భయపడి వెనక్కి తగ్గింది.' బొగ్గు, వేపాకు, వెనకడుగు అన్నీ బొమ్మలోకి పోతాయి. పేజీ మీద మిగలాల్సింది ఇంతే: 'నాయనా? అంది చిన్ని. ఆ మనిషి నవ్వినాడు. పళ్లు మాత్రం నాయనవే!' ఈ మాటలు బొమ్మలో లేనిదాన్ని ఇస్తున్నాయి. నీతిని విడిగా చివర్లో చెప్పాల్సిన పనీ ఉండదు. కథ మీద నమ్మకం లేనప్పుడే ఆఖరి పేజీలోకి నీతి వస్తుంది.

యాస రాయొచ్చా అని మీకు సందేహం రావచ్చు. సంభాషణల్లో నిస్సంకోచంగా రాయండి. 'యాడికి పోతా ఉండావు?' అని చిత్తూరు పిల్ల అడిగితే శ్రీకాకుళం బిడ్డకూ అర్థమవుతుంది. కథనం మాత్రం అందరికీ అందే వాడుక భాషలో ఉంచితే ఎడిటర్‌కు అభ్యంతరం ఉండదు. ఈ నేల మీద నిలబడి పిల్లల కోసం రాసినవాళ్లకు గుర్తింపు రాకపోలేదు. కేంద్ర సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారాలు మొదలుపెట్టిన 2010లోనే తెలుగుకు గాను అది పాకాల రచయిత కలువకొలను సదానందగారికి దక్కింది. తలకోన, నేలపట్టు పక్షులు, కాళహస్తి కలంకారీ, తోతాపురి మామిడి తోటలు... వీటి మీద పిల్లలకు ఇంకా ఎంతో రాయాల్సి ఉంది.

నమూనా సిద్ధమయ్యాక దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలలో అనుమతి అడిగి, మీరు కాకుండా టీచరు చేత చదివించండి. మీరే చదివితే రాతలో లేనిదంతా గొంతుతో నింపేస్తారు. మీరు వెనక కూర్చుని, పిల్లలు ఏ పేజీలో కిటికీ వైపు చూశారో ఆ పేజీ నంబరు రాసుకోండి. 'బాగుందా?' అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. కథ మళ్లీ చెప్పమనండి. వాళ్లు వదిలేసిన చోటు మీరు తీసేయాల్సిన చోటు కావచ్చు.

పంపడం చిన్నవాటితో మొదలుపెట్టండి. ఈనాడు 'హాయ్ బుజ్జీ' లాంటి పిల్లల పేజీలు, పత్రికల ఆదివారం అనుబంధాలు 200, 300 మాటల కథలు తీసుకుంటాయి. నిడివికి కట్టుబడడం అక్కడ బాగా అలవాటవుతుంది. పుస్తకానికైతే సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం ఉంది. అమెరికాలోని తెలుగు సంఘం తానాతో కలిసి వాళ్లు పిల్లల పుస్తకాల పోటీలు పెడుతుంటారు, ప్రకటనలు గమనిస్తూ ఉండండి. చెన్నైలోని తూలిక ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ బొమ్మల పుస్తకాలు వేస్తుంది. నేషనల్ బుక్ ట్రస్ట్‌కు నెహ్రూ బాల పుస్తకాలయం అనే వరస ఉంది. ఒక్కొక్కరి నియమాలూ వేరు, పంపేముందు చదవండి. యూనికోడ్‌లో (ఫోన్లలో, ఇంటర్నెట్‌లో కనబడే తెలుగు) టైపు చేసిన ఫైలు, ఏ వయసుకో, ఎన్ని మాటలో, కథ సారం రెండు వాక్యాల్లో, అంతే. డబ్బిచ్చి ముందే బొమ్మలు వేయించి పంపకండి. చిత్రకారుణ్ణి ఎంచుకోవడం ప్రచురణకర్త పని, మీ బొమ్మలు నచ్చకపోతే కథ కూడా తిరిగిరావచ్చు. జవాబుకు మూడు నుంచి ఆరు నెలలు ఆగాల్సి రావచ్చు. ఈలోగా రెండో కథ రాయండి.

స్టోరీవీవర్‌లో అనువాదాలు చేయడం మంచి సాధన. ఒక్క హెచ్చరిక. అక్కడ పెట్టినవి ఓపెన్ లైసెన్సు కిందికి వస్తాయి, పేరు ప్రస్తావించి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు. ప్రచురణకర్తకు ఇవ్వాలనుకున్న కథను అక్కడ పెట్టకండి.

కథ తీసుకుంటామంటే ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. ఏ భాషకు, ఏ రూపానికి, ఎన్నేళ్లకు హక్కులిస్తున్నారో అందులో కనబడాలి. గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తుంది. 'సర్వహక్కులూ శాశ్వతంగా' అని ఉంటే, అనువాదం, ఆడియో, యానిమేషన్ హక్కులు మీ దగ్గరే ఉంచమని అడగండి. అడిగినందుకు మంచి ప్రచురణకర్త ఎవరూ నొచ్చుకోరు.

రెండు మూడేళ్ల తర్వాత సొంతంగా వేయాలనిపిస్తే కొన్ని లెక్కలు తెలిసి ఉండాలి. ఆఫ్‌సెట్‌లో అచ్చుకు ముందు తయారుచేసే ప్లేట్ల ఖర్చు 200 కాపీలకైనా వెయ్యికైనా ఒకటే, అందుకే తక్కువ వేస్తే కాపీ ధర మండిపోతుంది. వంద లోపు కావాలంటే డిజిటల్ ప్రింటింగే మేలు. సెంటర్ పిన్నింగ్ చేసే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. కాగితం దళసరిని జీఎస్‌ఎంలో (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో) చెబుతారు. లోపల 120 లేదా 130 జీఎస్‌ఎం కాగితం, అట్టకు 250 నుంచి 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు సరిపోతాయి. బొమ్మలు 300 డీపీఐ స్పష్టతతో, నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్‌తో (కత్తిరింపులో పోయే అదనపు అంచుతో) ఉండాలి. బ్లీడ్ మరిస్తే కటింగ్‌లో అంచున తెల్ల గీత తేలుతుంది. కంప్యూటర్ తెర మీద మెరిసే ఆకుపచ్చ, నారింజ రంగులు అచ్చుకు వాడే నాలుగు సిరాల పద్ధతి సీఎంవైకేలోకి మారాక మందగిస్తాయి, అందుకే రంగుల ప్రూఫ్ చూడకుండా ఒప్పుకోవద్దు. తెలుగుకు అసలు ప్రమాదం డీటీపీలో, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే దగ్గర ఉంది. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చినప్పుడు కొన్ని ఒత్తులు తారుమారవుతాయి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే ఒత్తు అక్షరం కింద కూర్చోకుండా పక్కకు విడిపోతుంది. ప్రెస్‌కు ఇచ్చే ఆఖరి పీడీఎఫ్‌ను కాగితం మీద ప్రింటు తీసి, అట్టతో సహా, అక్షరం అక్షరం చదవండి.

పుస్తకాల షాపులు, పంపిణీదారులు ముఖవెలలో 35 నుంచి 50 శాతం దాకా తీసుకుంటారు. వెల పెట్టేటప్పుడే అది కలుపుకోండి. అచ్చయిన పుస్తకానికి జీఎస్టీ లేదు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోగా ఒక్కో కాపీ మీ ఖర్చుతోనే కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీల్లోని నిర్ణీత గ్రంథాలయాలకు పంపాలి. వెయ్యి కాపీల్లో ఆ నాలుగూ ముందే పక్కన పెట్టుకోండి.