జాజ్ ఎల్పీలు: అమెరికన్ ప్రెస్సింగ్ కొనాలా, జపాన్‌ది కొనాలా?

రెండు ముక్కల్లో చెప్పాలంటే, సంగీతం ఏ దేశంలో టేప్ మీదకి ఎక్కిందో ఆ దేశంలో తయారైన రికార్డు కొనండి, అది దొరక్కపోయినా బడ్జెట్ దాటిపోయినా అప్పుడు రెండోది చూడండి. మీరు హైదరాబాద్‌లో ఉండి ఇప్పుడే మొదలుపెడుతున్నానన్నారు, జపాన్ రికార్డులే సౌండ్‌లో బెస్ట్ అని అంతా అంటున్నారు నిజమేనా అని అడిగారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి. మేము ఉండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో, ఆఫీసు పని మీద టోక్యో వెళ్ళొస్తుంటాను, రెండు చోట్లా కొన్నవి ఇంట్లో పక్కపక్కన పెట్టుకుని వింటుంటాను, అందుకని ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

జపాన్ ప్రెస్సింగ్‌కి, అంటే అక్కడి ప్లాంట్‌లో అచ్చువేసిన రికార్డుకి, ఆ పేరు ఊరికే రాలేదండీ. 1970ల్లో అమెరికాలో ఆర్‌సీఏ లాంటి పెద్ద కంపెనీలు డైనాఫ్లెక్స్ అని అట్టలా వంగే పల్చటి రికార్డులు అమ్మాయి, 1973 ఆయిల్ సంక్షోభంతో వినైల్ (రికార్డులు చేసే ప్లాస్టిక్) ధర పెరిగాక క్వాలిటీ ఇంకా పడిపోయింది. అదే టైమ్‌లో జపాన్‌లో మంచి వినైల్ వాడి శుభ్రంగా ప్రెస్ చేసేవాళ్ళు, ఎంతలా అంటే అమెరికాలో ఆడియో పిచ్చి ఉన్నవాళ్ళ కోసం పుట్టిన మొబైల్ ఫిడెలిటీ వాళ్ళు కూడా 1970ల చివర్లో తమ రికార్డులు జపాన్‌లో జేవీసీ ప్లాంట్‌లోనే ప్రెస్ చేయించుకున్నారు. దానికి తోడు అక్కడి జనం రికార్డుని చూసుకునే పద్ధతి వేరు. 50ల్లో, 60ల్లో ఇంపోర్టెడ్ ఎల్పీ కొనడం మామూలు ఉద్యోగి వల్ల అయ్యేది కాదు, జాజ్ కిస్సా అనే కాఫీ షాపులకి వెళ్ళి ఒక కప్పు కాఫీ చెప్పి గంటలు గంటలు కూర్చుని వినేవాళ్ళు, చాలా చోట్ల మాట్లాడుకోవడం కూడా నిషేధమే. యోకోహామాలో చిగుసా అనే కిస్సా 1933లోనే మొదలైంది. రికార్డంటే అంత భక్తి ఉన్న చోట ఇళ్ళలోంచి బయటికొచ్చే పాత ఎల్పీలు ఎంత శుభ్రంగా ఉంటాయో మీరే ఊహించుకోండి, 45 ఏళ్ళ నాటి రికార్డు మీద నీడిల్ పెడితే పాట మొదలయ్యేదాకా అసలు తిరుగుతోందా లేదా అని అనుమానం వస్తుంది.

కానీ నిశ్శబ్దం ఒక్కటే సౌండ్ కాదు కదా. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. అమెరికాలో రికార్డ్ చేసిన జాజ్ జపాన్‌లో ప్రెస్ కావాలంటే మాస్టర్ టేప్, అంటే మొదట రికార్డ్ చేసిన అసలు టేప్, మామూలుగా వెళ్ళదు, దాని కాపీ వెళ్తుంది. జిరాక్స్‌కి మళ్ళీ జిరాక్స్ తీస్తే అక్షరం అంచులు ఎలా మెత్తబడతాయో కాపీ టేప్‌లో కూడా డ్రమ్ దెబ్బ అంచు అలాగే మెత్తబడుతుంది. ఆ పైన అక్కడి ఇంజనీరు తన చెవికి నచ్చినట్టు గాడి కోస్తాడు (అచ్చుకి మూలమైన డిస్క్ మీద సంగీతాన్ని గీతగా చెక్కడం), చాలా జపాన్ కాపీల్లో పైన డ్రమ్స్‌లోని సింబల్స్ (కంచు పళ్ళాలు) కొంచెం మెరుస్తాయి, కింద బేస్ కొంచెం పల్చబడుతుంది.

బ్లూ నోట్ అనే అమెరికన్ జాజ్ రికార్డు కంపెనీ విషయంలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే రికార్డ్ చేసినవాడే డిస్క్ కూడా కోసేవాడు. ఆయనే రూడీ వాన్ గెల్డర్. పగలు కళ్ళద్దాల డాక్టర్, మిగతా టైమ్‌లో హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి హాల్లో రికార్డింగులు, 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాక పూర్తిగా ఇదే పని. తను మైకులు పెట్టి పట్టిన శబ్దం మామూలు ఇళ్ళలో ఉండే ప్లేయర్ మీద ఎలా వినపడాలో ఆయనకి తెలుసు, అందుకు తగ్గట్టే గట్టిగా, దగ్గరగా కోసేవాడు. ట్రంపెట్ వాయించే లీ మోర్గాన్ ఆల్బమ్ ది సైడ్‌వైండర్ నా దగ్గర రెండు రకాలూ ఉంది, 1963 డిసెంబర్ రికార్డింగ్. జపాన్ కాపీ వింటే అంతా నీట్‌గా ఉంటుంది, ఒక్క టిక్ శబ్దం రాదు, ట్రంపెట్ మాత్రం కాస్త వెనక్కి జరిగి నిలబడ్డట్టు ఉంటుంది. అమెరికన్ కాపీలో గీతల చప్పుడు ఉంది, సైడ్ మొదట్లో చిటపటలు ఉన్నాయి, అయినా మోర్గాన్ ఊదితే ఆ గాలి మన మొహానికి తగులుతుంది, డ్రమ్మర్ బిల్లీ హిగ్గిన్స్ స్నేర్ డ్రమ్ మీద కొట్టే ప్రతి దెబ్బా విడిగా తెలుస్తుంది. ఆ రికార్డు వినాలనిపించినప్పుడు నా చెయ్యి ఎప్పుడూ అమెరికన్ దాని మీదకే పోతుంది.

మరి అది కోసింది వాన్ గెల్డరే అని ఎలా తెలుస్తుంది? కవర్ చూసి తెలీదు. డిస్క్ బయటికి తీసి లైట్ కింద వాలుగా పట్టుకోండి, పాట అయిపోయాక లేబుల్ దాకా గాళ్ళు లేని నున్నటి జాగా ఒకటి ఉంటుంది, డెడ్ వ్యాక్స్ అంటారు. పాతవాటిలో అక్కడ ఆర్‌వీజీ అని చేత్తో గీకి ఉంటుంది, తర్వాతి వాటిలో అదే స్టాంపుతో కొట్టి ఉంటుంది, ఇంకా తర్వాత వాన్ గెల్డర్ అని పూర్తి పేరు. దాంతోపాటు చిన్న చెవి ఆకారంలో ఒక గుర్తు కనిపిస్తే అది ప్లాస్టిలైట్ అనే ప్లాంట్‌లో ప్రెస్ అయినట్టు, నిజానికి అది ఇంగ్లీషు పీ అక్షరాన్ని కలిపిరాతలో గీసింది, కలెక్టర్లు మాత్రం చెవి అనే అంటారు. ఆ ప్లాంట్ ఉండింది మాకు దగ్గర్లోనే ఉన్న నార్త్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో. ఈ పెద్ద పెద్ద రికార్డులన్నీ రోజూ మేము కారేసుకుని తిరిగే ఊళ్ళలోనే రికార్డై ఇక్కడే ప్రెస్ అయ్యాయని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

చెవి గుర్తున్నవి మంచి కండిషన్‌లో కావాలంటే ధరలు మండిపోతుంటాయి, లేబుల్ మీద న్యూయార్క్ అడ్రస్ ఎలా రాసి ఉందన్న దాన్ని బట్టి కూడా రేటు మారుతుంది, శాక్సొఫోనిస్ట్ హాంక్ మోబ్లీ ఆల్బమ్, బ్లూ నోట్ 1568 నంబర్ లాంటివి మనలాంటి వాళ్ళు చూసి ఆనందించాల్సిందే. ఆ రేసులోకి దిగొద్దని నా సలహా. దానికి బదులు, 1960ల మధ్యలో బ్లూ నోట్‌ని లిబర్టీ అనే రికార్డు కంపెనీ వాళ్ళు కొన్నాక వచ్చిన ప్రెస్సింగులు చూడండి. చెవి గుర్తు ఉండదు, లేబుల్ మీద లిబర్టీ పేరు ఉంటుంది, కానీ చాలావాటికి పాత మెటల్ అచ్చులే వాడారు కాబట్టి డెడ్ వ్యాక్స్‌లో వాన్ గెల్డర్ స్టాంప్ అలాగే ఉంటుంది. అంటే అదే చేత్తో కోసిన గాడి, ధర మాత్రం చాలా తక్కువ. ఒక్క జాగ్రత్త, కవర్ మీద ఎలక్ట్రానికల్లీ రీచానెల్డ్ ఫర్ స్టీరియో అని ఉంటే మాత్రం ముట్టుకోకండి, మోనోని (ఒకే ఛానెల్ రికార్డింగ్‌ని) బలవంతంగా రెండుగా చీల్చిన సౌండ్ అది, ఘోరంగా ఉంటుంది.

పాతవాటి జోలికే వద్దనుకుంటే 2019లో మొదలైన బ్లూ నోట్ టోన్ పోయెట్ సిరీస్ కళ్ళు మూసుకుని కొనొచ్చు, కెవిన్ గ్రే అనే ఇంజనీరు అసలు టేపుల నుంచి కోసినవి, అట్ట కూడా దళసరిగా పాత పద్ధతిలో ఉంటుంది. ప్రెస్టీజ్, రివర్‌సైడ్ లాంటి లేబుల్స్‌కి (రికార్డు కంపెనీలకి) 80ల్లో వచ్చిన ఓజేసీ (ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్) రీఇష్యూలు ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి, మొదలుపెట్టేవాళ్ళకి అంతకంటే మంచి బేరం లేదు.

ఇక జపాన్ సంగతి. నన్నడిగితే జపాన్ నుంచి రికార్డులు తెప్పించుకోవడానికి అసలు కారణం అమెరికన్ ఆల్బమ్స్ కాదు, అక్కడి మ్యూజిషియన్స్. ఇది ఎంతమందికి చెప్పినా మళ్ళీ ఓబీ (కవర్‌కి చుట్టి ఉండే జపాన్ కాగితం పట్టీ) ఉన్న అమెరికన్ ట్రంపెటర్ మైల్స్ డేవిస్ రికార్డుల దగ్గరికే పోతారు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. 1970లో తకేషి ఫుజీ అనే ఆయన టోక్యోలో త్రీ బ్లైండ్ మైస్ అని చిన్న లేబుల్ పెట్టి, బయట పెద్దగా పేరు లేని లోకల్ కుర్రాళ్ళని రికార్డ్ చేశాడు. త్సుయోషి యమమోతో ట్రియో వాళ్ళ మిడ్‌నైట్ షుగర్ 1974లో వచ్చింది, ఇప్పటికీ ఆడియో షోల్లో స్పీకర్లు టెస్ట్ చెయ్యడానికి అది పెడుతుంటారు. నెమ్మదిగా సాగే బ్లూస్, పియానో ఒక్కో నోట్‌కీ మధ్య బోలెడు జాగా వదిలేస్తాడు, వదిలేసి వదిలేసి ఒక్కసారి కుడిచేత్తో గట్టిగా కొడతాడు చూడండి, వాల్యూమ్ పెంచి పెట్టుకుని ఉంటే ఉలిక్కిపడతారు. అది జపాన్‌లో రికార్డై, జపాన్‌లో కోసి, జపాన్‌లోనే ప్రెస్సైన రికార్డు, అక్కడ ఆ నిశ్శబ్దమైన వినైల్, ఆ శ్రద్ధ, సంగీతం మూడూ ఒక్కచోట చేరతాయి. ఇసావో సుజుకి బ్లో అప్ కూడా అదే లేబుల్, ఆయన బేస్‌తో పాటు చెలో కూడా వాయిస్తాడు, మిడ్‌నైట్ షుగర్ నచ్చితే వెంటనే అది వెతకండి.

పియానిస్ట్ ర్యో ఫుకుయి పేరు మీరు వినే ఉంటారు, యూట్యూబ్ తనంతట తనే లక్షలమందికి చూపించిన సీనరీ ఆల్బమ్ ఆయనదే, 1976. టోక్యో కూడా కాదు, ఉత్తరాన సప్పొరోలో ఉండేవాడు, 22 ఏళ్ళకి పియానో ముట్టుకుని సొంతంగా నేర్చుకున్నాడు. ఒరిజినల్ ఇప్పుడు అందుబాటు ధరలో లేదు, 2018 తర్వాత మంచి రీఇష్యూలు వచ్చాయి, హాయిగా అవే కొనుక్కోండి. ఇంకా ముందుకెళ్ళాలంటే పియానిస్ట్ తోషికో అకియోషి ఉంది, 1956లోనే బోస్టన్ బర్క్‌లీలో చదవడానికి వెళ్ళిన మనిషి, అమెరికాలో బిగ్ బ్యాండ్ పెట్టి అందులో ‘నో’ అనే జపాన్ సంప్రదాయ నాటకాల తాళవాద్యాల్ని, గొంతుల్ని కలిపింది, కోగున్ అనే ఆల్బమ్‌తో మొదలుపెట్టండి.

రెండు దేశాలూ కలిసిపోయే రికార్డులు కూడా ఉన్నాయి, నాకు బాగా ఇష్టమైన మూల అదే. మైల్స్ డేవిస్ 1975 ఫిబ్రవరి 1న ఒసాకాలో మధ్యాహ్నం ఒక కచేరీ, సాయంత్రం ఒకటి చేశాడు, మధ్యాహ్నానిది అఘర్తా, సాయంత్రానిది పాంగియా. రెండూ ముందు జపాన్‌లోనే వచ్చాయి, పాంగియా అయితే అమెరికాలో చాలా ఏళ్ళు రిలీజే అవ్వలేదు, కాబట్టి పేరు అమెరికన్‌దే అయినా వీటికి జపాన్ కాపీయే ఒరిజినల్. అమెరికన్ పియానిస్ట్ హెర్బీ హాన్‌కాక్ 1974లో టోక్యోలో చేసిన డెడికేషన్ కూడా అంతే, ఒక సైడ్ ఒట్టి పియానో, రెండో సైడ్ సింథసైజర్లు. టీనా బ్రూక్స్ కథ అయితే మనసు పిండేస్తుంది. మంచి శాక్సొఫోనిస్ట్, బ్లూ నోట్ కోసం తన పేరు మీద నాలుగు ఆల్బమ్‌లకి సరిపడా రికార్డ్ చేస్తే బతికుండగా ఒక్కటే బయటికొచ్చింది, 1974లో పోయాడు. 1958లో రికార్డ్ చేసి షెల్ఫ్‌లో పడేసిన మైనర్ మూవ్‌ని 1980లో మొదట బయటికి తెచ్చింది జపాన్ కింగ్ రికార్డ్స్ వాళ్ళే. టేప్ అమెరికాదే, కానీ దాన్ని రికార్డుగా చూడాలనుకున్న మనసు జపాన్‌ది, ఇలాంటి వాటికి నేను మొదట్లో చెప్పిన రూల్ పక్కన పెట్టేస్తాను. జీఎక్స్‌ఎఫ్ 3000 నంబర్లతో కింగ్ వాళ్ళు ఇలా బ్లూ నోట్‌లో మూలనపడ్డవి చాలా తెచ్చారు, కనిపిస్తే వదలకండి.

కొనేటప్పుడు సంగతి. టోక్యో వెళ్తే ఒచనొమిజులో డిస్క్ యూనియన్ వాళ్ళకి జాజ్‌కే ప్రత్యేకంగా షాపుంది. ప్రతి రికార్డు మీదా చిన్న చీటీ, కవర్‌కి ఒక గ్రేడ్, డిస్క్‌కి ఒక గ్రేడ్, ఏ ప్రెస్సింగో, ఎక్కడ గీత ఉందో కూడా రాసి ఉంటుంది, వాళ్ళు బీ అని రాసింది మన దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్ అనే మామూలు సెకండ్ హ్యాండ్ గ్రేడ్) కంటే బాగుంటుంది. ఇక్కడ అమెరికాలో గ్రేడింగ్ అమ్మేవాడి మూడ్‌ని బట్టి ఉంటుంది, అందుకే నేను వీలైనంతవరకు ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్ఛేంజ్ లాంటి చోటికి వెళ్ళి కళ్ళతో చూసి కొంటాను.

మీరు హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో కొంటారు కాబట్టి, షిప్పింగూ కస్టమ్స్ డ్యూటీ కలిపితే ఒక్కో రికార్డు తెప్పించుకోవడం దండగ, ఒకే సెల్లర్ దగ్గర నాలుగైదు కలిపి తీసుకోండి. డిస్క్‌ని జాకెట్‌లోంచి తీసి విడిగా పెట్టి ప్యాక్ చెయ్యమని తప్పకుండా మెసేజ్ పెట్టండి, లేకపోతే దారిలో కుదుపులకి లోపలి డిస్క్ అట్ట అంచుని చీల్చేస్తుంది. ఓబీ ఉంటే ధర పెరుగుతుంది, సౌండ్ పెరగదు, కాబట్టి వినడానికే కొంటుంటే ఓబీ లేనివే అడగండి, అదే రికార్డు బాగా తగ్గి వస్తుంది. వచ్చాక దళసరి పీవీసీ కవర్లు ఉంటే తీసేయండి, ఏళ్ళ తరబడి ఉంటే డిస్క్ మీద మసక పొరలా పడుతుంది, మామూలు పాలిథీన్ కవర్ చాలు. నిలబెట్టే ఉంచండి. వైజాగ్ వైపు ఉండే మిత్రులకైతే తేమతో బూజు సమస్య కూడా ఉంది, వానాకాలంలో అట్టల్ని అప్పుడప్పుడూ తీసి ఫ్యాన్ గాలి తగలనివ్వాలి.

మొదటి ఆర్డర్ ఏం పెట్టాలి అంటే, జపాన్ నుంచి మిడ్‌నైట్ షుగర్, అఘర్తా, ఇక్కడి నుంచి వాన్ గెల్డర్ స్టాంప్ ఉన్న లిబర్టీ కాలం సైడ్‌వైండర్. సెల్లర్ లిస్టింగ్‌లో డెడ్ వ్యాక్స్ ఫోటో లేకపోతే అడగండి, పంపితే ఇక్కడ కింద పెట్టండి, ఏ ప్రెస్సింగో చూసి చెప్తాను.