పీపాల పనివాడి జీవితం రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

జాన్ క్వీన్ మీద నువ్వు పంపిన రాతప్రతి రెండుసార్లు చదివాను. 1882లో స్కాట్లాండ్‌లో పుట్టి, 1906లో కెనడా చేరి, విన్నిపెగ్‌లో చెక్క పీపాలు చేసిన మనిషి అదే నగరానికి మేయర్ కావడం నిన్ను పట్టి నిలిపిందంటే ఆశ్చర్యం లేదు. అయితే నీ కథలో సగానికి పైగా జైలే ఉంది. తొలినాళ్లలో ఒక కార్మిక నాయకుడి చరిత్ర రాస్తూ నేనూ ఇదే పొరపాటు చేశాను; కటకటాల వెనుక ఉన్న మనిషిని చూపడం తేలిక, బడ్జెట్ కాగితాల ముందు కూర్చున్న మనిషిని చూపడం కష్టం.

ముప్పై వేల మంది దాకా పని మానేసిన 1919 విన్నిపెగ్ సార్వత్రిక సమ్మె నాటికే క్వీన్ నగర పాలకమండలి సభ్యుడు. ఈ సంగతిని నువ్వు అధోజ్ఞాపికలోకి నెట్టేశావు. ఆ సమ్మెలో ప్రభుత్వంపై కుట్ర పన్నాడన్న నేరం ఓటర్లు ఎన్నుకున్న ప్రతినిధి మీదనే మోపారని తెలిస్తే తప్ప, ఆ విచారణలో అతను తన వాదన తానే వినిపించుకున్న ఘట్టానికి బలం రాదు.

1920లో అతను జైల్లో ఉండగానే, విన్నిపెగ్ ఉన్న మానిటోబా ప్రాంత శాసనసభకు గెలిచాడని రాసి వదిలేశావు. ఎలా గెలిచాడో చెప్పు. విన్నిపెగ్ అంతా పది స్థానాల ఒకే నియోజకవర్గం. మన ఎమ్మెల్సీ ఎన్నికల్లోలాగే ప్రాధాన్య ఓట్లు. కార్మిక అభ్యర్థి ఫ్రెడ్ డిక్సన్‌కు గెలుపునకు కావలసినదానికి రెట్టింపు మించి మొదటి ప్రాధాన్య ఓట్లు పడగా, ఆ మిగులు తర్వాతి ప్రాధాన్యాలను బట్టి తోటి కార్మిక అభ్యర్థులకు చేరింది. అలా గెలిచినవారిలో ముగ్గురు ఖైదీలు.

అసలు కథ ఆ తర్వాతే ఉందని నా అభిప్రాయం. 1935, 1936లలోనూ, మళ్లీ 1938 నుంచి 1942 వరకూ మేయర్‌గా ఉన్న క్వీన్, 1941 దాకా శాసనసభ్యుడు కూడా. కెనడాలో నగరానికి ఏ పన్ను వేసే అధికారమైనా ప్రాంతీయ శాసనసభ ఇస్తేనే ఉంటుంది. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో నిరుద్యోగులకు సాయం పంచే భారం నగరం నెత్తిన పడింది. ఖజానా చూస్తే ఖాళీ. ఒక భవనంలో డబ్బు చాలక సతమతమై, ఇంకో భవనంలో ఆ అధికారం ఇచ్చే సభలోనే, అదీ బలం చాలని పక్షాన కూర్చోవలసిన ఆ ఇరకాటం మీద నీ దగ్గర ఒకే ఒక్క పేరా ఉంది. దాన్ని అధ్యాయం చెయ్యి. ఆనాటి పాలకమండలి తీర్మానాలు, సభా చర్చలు ఓపికగా చదువు.

పీపాను సమాజానికి ఉపమానం చేసిన పేజీ కొట్టెయ్యి. దాని బదులు మేకు లేకుండా, ఇనుప పట్టీల బిగింపుతోనే చెక్కలు నీరు కారకుండా నిలిచే తీరు రాస్తే చాలు, అది అతని పని. ముగింపు కూడా మేయర్ ప్రమాణ స్వీకారం దగ్గర ఆపకు. 1941లో శాసనసభ స్థానం, మరుసటి ఏడు మేయర్ పదవి పోయాయి, 1946లో చనిపోయాడు. ఆ చివరి ఏళ్లకు రెండు పేజీలైనా ఇచ్చి, సంక్రాంతి లోపు మళ్లీ పంపు.

నీ శ్రేయోభిలాషి