పిన్ ఆదిబట్లలో, ప్లాట్ యాచారం అవతల

రియల్ ఎస్టేట్ వెబ్‌సైట్లలో మ్యాప్ చూసి హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాట్ ఎంచుకోవచ్చా, ఆ పిన్‌లను ఎంతవరకు నమ్మొచ్చు అని అడిగారు. అద్దె ఇంటికైతే హాయిగా వాడుకోండి. ప్లాట్‌కైతే మాత్రం నమ్మకండి. ఆ పిన్ గుచ్చేది చాలాసార్లు అమ్మేవాడే. జనం ఎక్కువగా ఎక్కడ వెతుకుతారో అక్కడ గుచ్చుతాడు.

మా సంగతి చెప్తాను. 2022 ఏప్రిల్‌లో, స్కూలు సెలవులకు ముందు, సాగర్ రోడ్డు వైపు 150 గజాల ప్లాట్ కోసం నేనూ మా ఆయనా నెల రోజులు ఫోన్‌లో మ్యాపులు తిప్పాం. తిప్పడం కూడా ఒక యాతనే. వేలు కాస్త పక్కకు జరిగితే చాలు, ఇబ్రహీంపట్నం నుంచి ఎగిరి అరేబియా సముద్రంలో పడతాం. మళ్ళీ దగ్గరికి తెచ్చుకునేసరికి పెట్టిన ఫిల్టర్లన్నీ పోతాయి. తూర్పు ముఖం ప్లాట్లు మాత్రమే చూపించమని అడుగుతామా, చూపిస్తాడు. పక్కన ఉన్న లేఅవుట్ బొమ్మలో మాత్రం ఉత్తరం ఎటో ఉండదు.

అలా తిప్పుతుంటే ఆదిబట్లలో, సరిగ్గా టీసీఎస్ క్యాంపస్ దగ్గర ఒక పిన్ కనిపించింది. గజం 11 వేలు. ఆదిబట్లలో ఆ రేటుకు ప్లాట్ ఏమిటి అని అనుమానం రావాలి కదా? రాలేదు. అదృష్టం అనుకున్నాం. పిన్ నొక్కితే ఫోన్ నంబర్ అడిగింది, ఓటీపీ అడిగింది. ఓటీపీ కొట్టిన రెండో నిమిషం నుంచి కాల్స్ మొదలయ్యాయి. ఒక్క ప్లాట్ అడిగితే పదిమంది ఎందుకు ఫోన్ చేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆదివారం మా అత్తయ్యను కూడా ఎక్కించుకుని బయల్దేరాం. ఏజెంట్ ఔటర్ రింగు రోడ్డు (ఓఆర్‌ఆర్) బొంగులూరు ఎగ్జిట్ దగ్గర కలిశాడు. "మేడమ్, నా బండి వెనకాలే రండి, పది నిమిషాలు" అన్నాడు. ఇబ్రహీంపట్నం దాటాం. యాచారం కూడా దాటాం. మా ఆయన మీటర్ చూసి మాట్లాడటం మానేశారు. పిన్ ఉన్న చోటు నుంచి లెక్కేస్తే 27 కిలోమీటర్లు వచ్చాక మట్టి రోడ్డులోకి తిప్పాడు. "ఇదేంటండీ, మ్యాప్‌లో ఆదిబట్ల అని ఉంది?" అని అడిగితే "అది మా ఆఫీసు లొకేషన్ మేడమ్" అన్నాడు, ఏమాత్రం తడబడకుండా.

సరే, వచ్చాం కదా చూద్దాం అని దిగాం. తెల్ల సున్నం కొట్టిన రాళ్ళు, రంగు జెండాలు, ఒక ఆర్చి. ఫోన్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి చూశాను, ఎండిన బీడులా గోధుమ రంగులో కనిపించింది. ఎదురుగా కూడా అంతే. మా అత్తయ్య మాత్రం చెప్పులు పక్కన పెట్టి చివరి వరసలోకి నడిచింది. నల్గొండ జిల్లాలో యాభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి. కాలితో మట్టి గీరి చూసి నన్ను పిలిచింది. "బిడ్డా, ఇది చూడు, తుంగ. నేల ఎట్ల నెర్రెలు వాసిందో చూడు. అగో ఆడ తూము కూడ ఉంది. ఇది శిఖం భూమి, చెరువు కడుపు. వానలు వడ్డయంటే నీ ప్లాట్ల చేపలు వట్టుకోవాలె."

ఏజెంట్ నవ్వి "అమ్మా, పదేళ్ళుగా నీళ్ళే రాలేదు" అన్నాడు. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి, పాత సంవత్సరాల ఫొటోలు చూపించే సదుపాయం ఉంటుంది కదా, దాన్ని వెనక్కి జరిపాను. 2020 అక్టోబర్ వానల తర్వాతి ఫొటోలో మేం నిలబడ్డ చోట నీళ్ళు మెరుస్తున్నాయి. వెబ్‌సైట్ మ్యాప్‌లో ఉన్నది ఎండాకాలం ఫొటో. ఎండాకాలంలో ఏ చెరువైనా ప్లాటే.

అందుకే చెప్తున్నా, ఏజెంట్‌తో గొడవ అనవసరం. "ప్లాట్ మధ్యలో నిలబడి వాట్సాప్‌లో కరెంట్ లొకేషన్ పంపండి" అనండి. సగం మంది అక్కడే ఫోన్ పెట్టేస్తారు. పంపినవాళ్ళ దగ్గర సర్వే నంబర్, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ తీసుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సర్వే నంబర్‌ను ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ భూభారతిలో, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపులో చూసుకోండి. 25 ఎకరాలు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే గీత, అక్కడి నుంచి ఇంకో 30 మీటర్లు బఫర్ జోన్, అంటే కట్టడాలు కట్టకూడని చోటు. చిన్నదైతే 9 మీటర్లు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ మాటలు అందరి నోళ్ళలోనూ నానుతున్నాయి గానీ, మా అత్తయ్య లాంటివాళ్ళకు శిఖం అన్న ఒక్క మాట చాలు.

ఊళ్ళ పేర్లు ఇంకో తలనొప్పి. కొంగర అని కొడితే కొంగర కలాన్ వస్తుందో కొంగర ఖుర్ద్ వస్తుందో మన అదృష్టం. మొదటిది రంగారెడ్డి కలెక్టరేట్ ఉన్న ఊరు. రెండోది మహేశ్వరం వైపు. రేట్లు ఒకటి కావు, పిన్ మాత్రం రెండింటికీ ఒక్కటే. అలాగే ప్రకటనల్లో "ఓఆర్‌ఆర్‌కు రెండు కిలోమీటర్లు" అనే మాట. 158 కిలోమీటర్ల రింగు రోడ్డు అది, ఎక్కాలంటే ఎగ్జిట్ ఉండాలి. మీ డాబా మీంచి లారీలు కనిపిస్తుంటాయి, ఎక్కడానికి మాత్రం సర్వీస్ రోడ్డు మీద గుంతలు లెక్కపెట్టుకుంటూ తర్వాతి ఎగ్జిట్ దాకా పోవాలి.

అద్దె సంగతి వేరే అని ఎందుకన్నానంటే, మేం ఇప్పుడున్న వనస్థలిపురం ఇల్లు మ్యాప్‌లోనే దొరికింది. మా స్కూలు చుట్టూ వేలితో గీత గీసి, అందులో ఉన్నవి మాత్రమే చూపించమన్నాను. నాలుగిళ్ళు వచ్చాయి, మూడో ఇల్లు ఖాయం చేశాం. కట్టిన ఇంటిని 27 కిలోమీటర్లు ఎవడు జరుపుతాడు?

ఇది రాసే ముందు ఊరికే ఆ వెబ్‌సైట్ తెరిచి చూశాను. ఆ పిన్ ఇంకా టీసీఎస్ దగ్గరే ఉంది. గజం మాత్రం ఇప్పుడు 16 వేలట.