మైక్రోవేవ్ అక్కర్లేదు, మూతి వెడల్పున్న ఫ్లాస్కు చాలు

ఆఫీసులో మధ్యాహ్నం పూట వేడిగా, తక్కువ ఖర్చుతో, రోజూ ఒకటే కాకుండా ఏం తినొచ్చని అడిగారు. ఇలాంటి ప్రశ్నకు అందరూ కరెంటు లంచ్ బాక్సు కొనమంటారు. నేను అననుగాక అనను. 40 వాట్ల బాక్సుకు అరకిలో తిండిని వేడి చేయడానికి ముప్పావు గంట పడుతుంది. అన్నం అంచుల్లో ఎండిపోతుంది, నడుమ చల్లగానే ఉంటుంది. అసలు సద్దంతా వేడిగా ఉండాల్సిన పనే లేదు. పులుసో పప్పో పొగలు కక్కుతుంటే, పక్కనున్న రొట్టె, బొరుగులు దాంతోనే వేడెక్కుతాయి. డబ్బు పెట్టాల్సింది అర లీటరు స్టీలు వాక్యూమ్ ఫ్లాస్కు మీద.

ఫోము నింపిన ప్లాస్టిక్ క్యారియర్లు వద్దు. పొద్దున ఎనిమిదికి పెట్టిన అన్నం ఒంటిగంటకు గోరువెచ్చగా మిగులుతుంది. ఫ్రిజ్‌లోని చల్లన్నం కంటే అదే ప్రమాదం. అన్నం ఉడికినా చావని బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఆ వెచ్చదనంలోనే పెరుగుతాయి. అది వదిలే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిండి 60 డిగ్రీల పైన ఉండాలి, లేదంటే ఫ్రిజ్‌లో ఉండాలి. ఈ సంగతి చెప్పకుండా బాక్సు మీద 'హాట్' అని రాసి అమ్మేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఫ్లాస్కు పనిచేయడం లేదనేవాళ్లు రెండు చోట్ల తప్పుతున్నారు. ముందుగా మరిగే నీళ్లు పోసి మూత పెట్టి 10 నిమిషాలు ఉంచాలి. అవి పారబోసి, తెర్లుతున్నదాన్ని వెంటనే మెడ దాకా నింపాలి. సగం నింపితే పైనున్న ఖాళీయే వేడిని తినేస్తుంది.

ఇక అసలు సంగతి, నానబెట్టిన బొరుగులతో (మరమరాలతో) చేసే సీమ టిఫిను ఉగ్గాని. పొద్దున కలిపి తెచ్చుకుంటే మధ్యాహ్నానికి ముద్దయిపోతుందని దీన్ని టిఫినుకే వదిలేస్తారు. కలపకుండా తెచ్చుకుంటే అనంతపురం, కర్నూలు ఆఫీసుల్లో ఇంతకు మించిన వేడి తిండి లేదు. ఒకరికి 60 గ్రాముల బొరుగులు ఉత్తివే ఒక డబ్బాలో పెట్టుకోండి. రెండు చెంచాల పుట్నాలపప్పు, చెంచా ఎండుకొబ్బరి, రెండు తెల్లగడ్డ రెబ్బలు కలిపి పొడి కొట్టి పొట్లం కట్టండి. బాణలిలో రెండు చెంచాల నూనె వేసి ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, సన్నగా తరిగిన రెండు ఎర్రగడ్డలు, నూరిన నాలుగు పచ్చిమిరపకాయలు, పసుపు, రెండు టమోటాలు మగ్గించండి. అర గ్లాసు నీళ్లు పోసి తెర్లించి, ఈ గొజ్జుతో 300 మిల్లీలీటర్ల చిన్న ఫ్లాస్కు నింపండి. బొరుగుల్లో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి గొజ్జులో మామూలుగా వేసే ఉప్పులో సగమే వేయండి.

ఆఫీసులో బొరుగుల మీద నీళ్లు పోసి, పైకి తేలేవాటిని అరచేత్తో అదిమి, నిమిషం లోపే తీసి గట్టిగా పిండాలి. ఎక్కువసేపు నానితే గుజ్జవుతుంది, సరిగా పిండకపోతే నీళ్లన్నీ అడుగున చేరతాయి. వేడి గొజ్జు, పొడి వేసి కలిపి, రెండు నిమిషాలు మూత పెట్టి, తర్వాత నిమ్మకాయ పిండండి. గొజ్జు ధారాళంగా ఉండాలి. తగ్గితే మొత్తం గోరువెచ్చగా అయిపోతుంది. బజ్జీ మాత్రం ఇంటి నుంచి తేవద్దు, డబ్బాలో ఆవిరికి మెత్తబడుతుంది. దగ్గర్లో బండి ఉంటే అక్కడే రెండు కొనుక్కోండి.

పులగమైతే ఫ్లాస్కులోనే ఉడుకుతుంది. 60 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పొట్టు పెసరపప్పు అరగంట నానబెట్టి, ఉప్పు, మిరియాలు వేసి, 350 మిల్లీలీటర్ల నీళ్లలో పొయ్యి మీద 7 నిమిషాలు తెర్లించి అర లీటరు ఫ్లాస్కులోకి వంచండి. అది నిండకపోతే మరిగే నీళ్లతోనే నింపండి. మూడు గంటల్లో మెత్తగా అవుతుంది. తోడుగా చెనక్కాయల ఊరిబిండి (నూరిన పచ్చడి) ఉంటే వేరే కూర దండగ. చింతపండు, టమోటా ఇందులో వేయకండి, పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. కందిపప్పు ఈ పద్ధతిలో అంత మెత్తగా ఉడకదు. రాజ్మా అయితే అసలు వేయొద్దు, బాగా మరగని రాజ్మా వాంతులు తెప్పిస్తుంది.

చవకంటే ఉలవలే. రాత్రి నానబెట్టిన 100 గ్రాములు లీటరు నీళ్లలో ఉడికిస్తే కట్టుతో రెండు పూటలకు చారు, గింజలతో గుగ్గిళ్లు వస్తాయి. వేడి చారులో ఎండు జొన్నరొట్టె తుంచి వేస్తే దానికదే మెత్తబడుతుంది. రొట్టెలు రోడ్డు పక్కన కాల్చి అమ్మేవాళ్ల దగ్గరే దొరుకుతాయి, చేసుకునే తీరిక లేనివాళ్లు కొనుక్కోవచ్చు.

రాగిసంగటి ఇంట్లోనే తినండి. చల్లారేకొద్దీ గట్టిపడి పైన తోలు కడుతుంది, ఫ్లాస్కులో పెడితే అడుగు నుంచి గీకి తీయాల్సి వస్తుంది. తీసుకుపోక తప్పదంటే నీళ్లు ఎక్కువ పోసి వండి, నెయ్యి పూసి, తడి గుడ్డలో చుట్టండి. అప్పుడు కూడా రెండు గంటల్లోపు తినేయాలి.

వండలేని రోజు ఊళ్లో అన్న క్యాంటీన్ దగ్గరుంటే అక్కడికి పొండి, 5 రూపాయలకే వేడి అన్నం పెడతారు. ఆదివారం మాత్రం మూసి ఉంటుంది.

ఇక ఫ్లాస్కు మూతలోని రబ్బరు రింగును రోజూ ఊడదీసి కడగండి. ఉలవచారు వాసన పట్టిందంటే వేడినీళ్లలో చెంచా వంటసోడా కలిపి రాత్రంతా నానబెట్టి, మూత తీసే ఆరబెట్టండి.